రత్నసభాపతి నాయుడి ఉమ్మి

సింగానల్లూరులో మిల్లులు పెట్టినవాళ్లున్నారు, పెట్టిన మిల్లుల్ని ముంచినవాళ్లున్నారు. ఇద్దరి పుట్టినరోజులకూ బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు కడతారు. కేవలం ఉమ్మి మీద బతికినవాడు మాత్రం మా రత్నసభాపతి మామ ఒక్కడే. ఆయనకెవరూ ఫ్లెక్సీ కట్టలేదు కాబట్టి ఆ పని నేను చేస్తున్నాను. పాలిటెక్నిక్ సగంలో వదిలేసిన వాడికి రాతలెందుకని ముక్కు విరిచేవాళ్లుంటే, పూర్తిగా చదివినవాళ్ల చేత రాయించుకోండి. వాళ్లు రాసేలోపు మామకు మునిమనవలు పుడతారు.

మామ పని పత్తి చూడటం. మిల్లు తరఫున ఊళ్లు తిరిగి పత్తి కొనేవాడు. రైతు పత్తి నింపిన బోరె సంచి మూతి విప్పగానే చిటికెడు దూది లాగి, రెండు బొటనవేళ్ల మధ్య పెట్టి చీల్చి పోగు పొడవు చూసేవాడు. ఆ తర్వాత ఇంకో చిటికెడు తీసి చెంపకు ఆనించుకునేవాడు. తూకం పెరగాలని పత్తి మీద నీళ్లు చల్లుకొచ్చే మహానుభావులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. చేతికి తెలియని తడి చెంపకు తెలుస్తుంది. తెలిసిన మరుక్షణం మామ ఒక్క మాట మాట్లాడడు, తిట్టడు, బేరం తగ్గించడు. పక్కకు తిరిగి ఉమ్ముతాడు. దాంతో ఆ పత్తి చచ్చినట్టే. ఆ తర్వాత ఏ మిల్లువాడూ దాన్ని కొనడు. తేమ కొలిచే మిషన్ వచ్చాక కూడా, మిషన్ ఒకటి చెప్పి మామ ఉమ్మి ఇంకొకటి చెబితే మేనేజరు మిషన్ను రిపేరుకు పంపించాడు.

ఆ ఉమ్మి కూడా మీరూ నేనూ ఉమ్మే రకం కాదు. ఒకసారి ఒక బ్రోకరు రైల్వే గేటు దగ్గర అబద్ధమాడుతుంటే మామ ఉమ్మాడు. అది పట్టాలు దాటిపోయి, అవతల టీకొట్టు ముందు నిలబడ్డవాడి బీడీని ఆర్పింది. ఆ మనిషి ఆనాటి నుంచి బీడీ ముట్టలేదు, ఆయన పెళ్లాం మామ పేరు చెప్పుకుని దీపం పెడుతుంది. ఇంకొకసారి మిల్లు గోడ పక్కన తడి చూసి పైపు పగిలిందని కార్పొరేషన్ వాళ్లు గుంత తవ్వారు. సాక్షులు కావాలంటే లేరు, అందరూ పోయారు. అది నా తప్పు కాదు.

ఇంతటి ఉమ్మికి ఒక శత్రువు ఉండాలి కదా. ఉన్నాడు. వాడిపట్టి ఊరి కల్యాణసుందరం, మామ భార్య రంగమ్మాళత్తకు సొంత తమ్ముడు, మామకు బామ్మర్ది. కొబ్బరితోపు, నీళ్లున్న బావి, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, అన్నీ ఉన్నాయి, సిగ్గు తప్ప. ఒక ఏడు ఈయన పత్తి వేశాడు. బావ కొనకపోతే ఎవడు కొంటాడనుకుని, బోరెలు మామ ముందు దింపించి, చూడటానికి ఊరంతటినీ పిలుచుకున్నాడు. మామ దూది లాగాడు, చీల్చాడు, చెంపకు ఆనించుకున్నాడు. పక్కకు తిరిగాడు.

“బావా! సొంత బామ్మర్ది పత్తి మీద ఉమ్ముతారా ఎవురైనా?” అని కల్యాణసుందరం అరిచాడు.

“పత్తి మీద ఏంటికి ఉమ్ముతానురా? పక్కన ఉమ్మినా. నువ్వు కొట్టిన నీళ్లే చాలకుండా నాది కూడా కలిపేదా?”

ఊరంతా నవ్వింది. కల్యాణసుందరం మొహం వంకాయ రంగుకు తిరిగింది. “ఒక దినం ఆ నోరు ఎండిపోవాల. అది నేను నా కండ్లతో చూడాల” అని శపించి లేచిపోయాడు. శాపం పెట్టడానికి తపస్సు ఉండాలంటారు, ఈయనకు కొబ్బరితోపు ఉంది. ఏళ్లు గడిచాయి. మామ మిల్లు పని మానుకుని ఇంట్లో కూర్చున్నాడు. పెళ్లిళ్లలో ఇద్దరూ ఎదురైతే కల్యాణసుందరం మామ నోటి వంక చూసేవాడు, మామ వక్కాకు పొగాకు ఎడమ దవడ నుంచి కుడి దవడకు మార్చి, తొట్టి నిండా ఉందన్నట్టు బుగ్గ ఉబ్బించేవాడు.

ఆ పొగాకే పని పట్టింది. పోయిన ఏడు గొంతులో ఎడమ పక్క, నాలుక మొదట్లో ఒక గడ్డ. కోయంబత్తూరులో పెద్దాసుపత్రికి కారులో నేనే తీసుకెళ్లాను. ఇంటికి అంతమంది ఇంజనీర్లున్నారు, పగలు తీరుబడిగా ఉండే మేధావిని నేనొక్కణ్ణే. డాక్టరు పేరు మధుమిత. దిండిగల్ అమ్మాయి, మన వాళ్లే. నవ్వు తక్కువ, పొగరు ఎక్కువ. మామకు మొదటి రోజే నచ్చలేదు, అంటే తనకు సమానమైన మనిషని అర్థం.

“కరెంటు పెట్టాల మామా” అంది. రేడియేషన్ను మా వైపు కరెంటనే అంటారు. “సరియైపోతాది. భయపడేది వద్దు.”

మనిషన్నవాడు బతుకుతానా అని అడుగుతాడు. మామ అడిగింది ఇది. “ఉమ్మి వస్తాదా?”

“ఇప్పుడా? ఆ మూల వాష్ బేసిన్ ఉండాది, పొయ్యి రండి.”

“ఇప్పుడు కాదమ్మా. కరెంటు పెట్టిన తర్వాత.”

డాక్టరమ్మ అప్పుడు పెన్ను పక్కన పెట్టింది. చెవి కింద, దవడ వెనకాల చెయ్యి పెట్టి చూపించింది. ఉమ్మి ఊరే పెద్ద గ్రంథులు రెండు పక్కలా ఒక్కొక్కటి అక్కడ ఉంటాయట. కరెంటు తగిలితే అవి ఎండిపోతాయట. “ఒకప్పుడు గడ్డతో పాటు అన్నిటినీ కలిపి కాల్చేసేవాళ్లు. నోరు ఎండిపోయి, అన్నం దిగక, పండ్లు పుచ్చిపొయ్యి, చానా కష్టం. ఇప్పుడు కంప్యూటర్లో ఒక్కొక్కదానికీ గీత గీసి, మీ కుడి పక్క గ్రంథిని తప్పించి కరెంటు పొయ్యేట్టు ప్లాన్ వేస్తాము. ఎడమ పక్కది గడ్డకు ఆనుకోనే ఉండాది. దాన్ని కాపాడతానని అబద్ధం చెప్పను.”

“అంటే సగం ఉమ్మి.”

“సగం కన్నా తక్కువ. అది కూడా మీరు ఒళుంగా చెప్పినట్టు వింటేనే. కరెంటు పెట్టేటప్పుడు మొహం రవ్వంత కూడా కదలకూడదు, దానికి మాస్కు చేస్తాము. బరువు తగ్గకూడదు. తగ్గితే చెంపలు లోపలికి పొయ్యి, గ్రంథి జరిగి కరెంటు దారిలోకి వచ్చి కూర్చుంటాది. అప్పుడు నేను గీసిన గీత కోలం ముగ్గే, వాకిట్లో వేసుకోవచ్చు.”

ముందు పళ్లు చూశారు. పుచ్చినవి పీకేశారు, ఎందుకంటే ఉమ్మి తగ్గాక పీకితే దవడ ఎముక మానదట. తర్వాత మాస్కు. చిల్లుల చిల్లుల ప్లాస్టిక్ పలకను వేడినీళ్లలో మెత్తబరిచి మొహం మీద అదిమితే, ఆరాక అచ్చు మామ మొహంలాగే గట్టిపడింది. దానికోసం మీసం తీసేయాల్సి వచ్చింది. మీసం లేని రత్నసభాపతిని చూసి వీధి కుక్క మొరిగింది. రంగమ్మాళత్త మాత్రం ఆ మాస్కును అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఇంటికి ఇస్తారా? మాట్లాడదు కదా, బాగుండాది” అంది.

కరెంటు మొదలైన కొన్నాళ్లకే పురట్టాసి వచ్చింది. పెరుమాళ్ళ నెల. మా ఇళ్లలో ఆ నెల కోడీ గుడ్డూ గడప తొక్కవు, శనివారం ఒంటిపూట. డాక్టరమ్మ గుడ్డు తినమంటే మామ కళ్లు మూసుకుని చెవులు ముట్టుకున్నాడు.

“గుడ్డు వద్దంటే పొయ్యింది. పాలు, పెరుగు, పప్పునీళ్లు, పనీర్. ఇవన్నీ పెరుమాళ్లు కూడా తింటాడు కదా?” అందామె.

అక్కడితో ఆగితే రత్నసభాపతి ఎందుకవుతాడు? గొంతు పుండైంది, మింగితే మంట. మింగలేకపోతున్నానని ఒప్పుకుంటే పరువు తక్కువ. అందుకని ఈ ఏడు పురట్టాసి అంతా ఒంటిపూటేనని పెరుమాళ్లకు మొక్కుకున్నట్టు ప్రకటించాడు. పుండుకు భక్తి అని పేరు పెట్టాడన్నమాట. చుట్టాలు దాన్ని నమ్మడమే కాక మెచ్చుకున్నారు. ఒకావిడ సీతాఫలం ఆకు కషాయం తెచ్చింది. ఒకాయన గాడిదపాలు తెచ్చాడు, అవి గాడిదవో కాదో గాడిదకే తెలియాలి. అందరూ మామ మంచం పక్కన కూర్చుని, ఆయన తినలేని జిలేబీలు తిని, “ఎంత నిష్ఠ!” అని కళ్లు తుడుచుకుని పోయారు.

చెంపలు దిగడం మొదలైంది. మాస్కు బిగించే కుర్రాడు కవిన్ అని ఉన్నాడు, ఆ మిషన్ నడిపేది అతనే. ఒక రోజు మాస్కు కింద వేలు దూర్చి చూశాడు.

“తాతా, లూజైపోయింది. ఇంకా తగ్గితే మళ్లీ స్కాను తీసి కొత్త మాస్కు చేస్తారు. తినకుండా ఇట్లే ఉంటే డాక్టర్ ముక్కులో ట్యూబు వేస్తారు, చూసుకోండి.”

ఇంటికొచ్చేసరికి రంగమ్మాళత్త ఇంకో కబురుతో నిలబడి ఉంది. “తమ్ముడు ఫోన్ చేసినాడు. నిన్ను చూసేదానికి వస్తాడంట.”

“ఎప్పుడు?”

“పురట్టాసి అయినాక. కోడి కొయ్యకపోతే వాడు యాడికీ పోడు కదా.”

మామ లోపలికెళ్లి పాత ట్రంకుపెట్టె తెరిచిన చప్పుడైంది. అందులో ఆయన ఉద్యోగకాలంలో దాచుకున్న దూది నమూనాలుంటాయని ఇంట్లో అందరికీ తెలుసు. ముసలాడు పాత రోజులు తలుచుకుంటున్నాడని నేను పట్టించుకోలేదు. లోపల కూర్చుని ముక్కులో ట్యూబుతో కల్యాణసుందరం ముందు పడుకోవడాన్ని తలుచుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

మర్నాటి నుంచి మాస్కు సరిగ్గా పట్టింది. కవిన్ “సూపర్ తాతా, తింటా ఉండారు” అని బొటనవేలు చూపించాడు. మామ బదులు చెప్పలేదు. కారులోనూ మాట్లాడటం మానేశాడు. పుండు నొప్పి అనుకుని నేను పాటలు పెట్టాను. ఆయన్ను మౌనంగా భరించడం నా జీవితంలో అదే మొదలు, చాలా బాగుండింది. ఇలా ఎన్నాళ్లు సాగేదో కానీ, ఆ మిషన్ అప్పుడప్పుడూ పడుకున్న మనిషికి పడుకున్నట్టే స్కాను బొమ్మ తీస్తుందని మామకు తెలియదు. ఆ వారం బొమ్మ చూసిన డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. అత్త కూడా ఆ రోజు మాతో వచ్చింది.

“నోరు తెరవండి మామా.”

మామ తల అడ్డంగా ఊపాడు.

“తెరవండి. లోపల ఏముండాదో నేను బొమ్మలో చూసేసినా.”

తెరిచాడు. ఆమె పొడుగాటి పట్టకారు పెట్టి కుడి చెంపలోంచి ఒక దూది ఉండ లాగింది. ఎడమ చెంపలోంచి ఇంకోటి. బల్ల మీద ట్రేలో అవి కోడిపిల్లల్లా కూర్చున్నాయి. ఏనాడూ నాసిరకం ముట్టని మనిషి కదా, తన చెంపలోకీ మొదటి రకమే ఏరుకున్నాడు. అంత పొడుగు పోగు దూది ఈ రోజుల్లో కళ్లకు కనపడదు.

కవిన్ గోడవైపు తిరిగి భుజాలు కదిలిస్తున్నాడు. రంగమ్మాళత్త లేచి వచ్చి, ట్రేలోంచి ఒక ఉండ తీసి, పెళ్లైన నాటి నుంచి చూస్తున్న పద్ధతిలోనే తన చెంపకు ఆనించుకుంది.

“చల్లగా ఉండాది” అంది. “నీళ్లు కొట్టిన సరుకు. ఊర్లో అందురి పత్తీ చూసి ఉమ్మినావే సామీ, నీ మొహానికే నువ్వు తూకం కలిపినావా?”

అందరి బోరెల్లో దొంగతనం పట్టిన మొగుణ్ణి అత్త పట్టిన తీరు చూస్తే, మిల్లువాళ్లు ఆమెకు జీతమివ్వకుండా తప్పు చేశారనిపించింది.

“చెంప బయటికొస్తే గ్రంథి బయటికి వస్తాదా మామా?” అని డాక్టరమ్మ మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ భయం. “మాస్కు పట్టింది, లోపల గ్రంథి జారింది. దవడ కూడా పక్కకు పొయ్యింది. నేను ఏ గ్రంథిని కాపాడాలని రెండు దినాలు కూర్చోని గీత గీసినానో, దాని అంచుమీదనే కరెంటు పడతా ఉండాది. ఇది చాలదని, ఉండే కాస్త ఉమ్మినీ ఈ దూదికి తాగబెట్టినారు.”

“కుడి పక్కది పొయ్యిందా?” మామ గొంతు ఆ రోజుకు అదే మొదటిసారి వినిపించింది. గాలి తీసిన ట్యూబులా ఉంది.

“ఇంకా పోలేదు. ఇంకొన్నాళ్లు ఇట్లే చేసుంటే పొయ్యుండేది. ఈపొద్దు కరెంటు లేదు. కొత్త స్కాను, కొత్త మాస్కు, కొత్త ప్లాను. ముక్కులో ట్యూబు. మాట్లాడితే రెండు ట్యూబులు.”

ముక్కుకు రెండు రంధ్రాలున్నాయి కాబట్టి మామ మాట్లాడలేదు.

పురట్టాసి దాటగానే కల్యాణసుందరం వాడిపట్టి నుంచి దిగాడు. ఇస్త్రీ చొక్కా, సెంటు, చంకలో కొబ్బరికాయల సంచి. ముక్కులో ట్యూబు, నున్నటి పైపెదవితో పడుకున్న బావను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇంత కాలం ఎదురుచూసిన రోజు వచ్చింది కదా, ఏం డైలాగు కొడతాడోనని నేను కుర్చీ దగ్గరకు లాక్కున్నాను. మామ కూడా సిద్ధంగానే ఉన్నాడు. బామ్మర్దిని చూడగానే పక్కకు తిరిగి, దవడలు బిగించి ఉమ్మాడు.

“త్ఫ్” అంది. గాలి. ఇంకోసారి ప్రయత్నించాడు. అదీ గాలే.

కల్యాణసుందరం నవ్వి ఉంటే మామ సంతోషంగా పోట్లాడేవాడు. ఆయన నవ్వలేదు. సంచి కింద పెట్టి, కళ్లు తుడుచుకుని, “పాపం బావ” అన్నాడు. మంచం పక్కన కూర్చుని మామ చెయ్యి నిమిరాడు కూడా.

పుట్టి బుద్ధెరిగాక రత్నసభాపతి నాయుడికి అంత అవమానం జరగలేదు. బామ్మర్ది వెళ్లిన తర్వాత అత్తను పిలిచి చెప్పిన మాట ఇది. “వాడు నన్ను చూసి పాపమన్నాడు. ఆ పప్పునీళ్లు తే.”

డాక్టరు చెబితే వినలేదు, పెళ్లాం చెబితే వినలేదు, పెరుమాళ్లను అడ్డం పెట్టుకుని ఆటలాడాడు. బామ్మర్ది జాలిపడ్డాడని మాత్రం ప్రపంచంలోనే బుద్ధిమంతుడైన రోగి అయిపోయాడు. చదువుకున్న డాక్టర్లు ఇంత చిన్న మందు కనిపెట్టలేకపోయారు, ఏం లాభం. ట్యూబులో ఏం పోస్తే అది పోయించుకున్నాడు. కొత్త మాస్కు కింద రాయిలా పడుకున్నాడు. కరెంటు అయిపోయి ట్యూబు తీసేశాక నోరు పుక్కిలించడం, గుక్క గుక్క నీళ్లు, పళ్లకు జెల్లు, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం. డాక్టరమ్మ నమిలితే గ్రంథికి పని తగులుతుందని చెప్పింది. పొగాకు నమిలిన దవడతోనే మామ రోజంతా గమ్ నమిలేవాడు, వీధిలో పిల్లలు ఆయన్ను చూసి బుడగ చేసి చూపించమని అడిగేవాళ్లు.

గడ్డ పోయిందన్నారు. ఇంట్లో అందరం ఏడ్చాం, నాకు కంట్లో నలక పడింది. మామ ముఖంలో మాత్రం మార్పు లేదు. నోరింకా ఇసుకలా ఉంది. నెలలు పడుతుంది, ఏడు కూడా పట్టొచ్చు, ఎంత వస్తుందో చెప్పలేనని డాక్టరమ్మ అంది. అన్నం నీళ్లతో తోసి మింగాల్సి వచ్చేది. వీధిలో ఎవడైనా అబద్ధమాడితే మామ పక్కకు తిరిగేవాడు, ఏమీ రాక మళ్లీ ఇటు తిరిగేవాడు. సింగానల్లూరులో అబద్ధాలు పెరిగిపోయాయి.

మామిడికాయల రోజులొచ్చాయి. ఒక పొద్దున అత్త ఊరగాయకు పుల్లటి కాయ కోస్తోంది. ఎదురుగా కూర్చున్న మామ హఠాత్తుగా చెయ్యెత్తి, మాట్లాడవద్దన్నట్టు సైగ చేశాడు. కుడి చెవి కింద వేలు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

“ఏమైంది? నొప్పా?”

“ఊరతా ఉండాది” అన్నాడు. “కుడి పక్క. రవ్వంత.”

అత్త కత్తి కింద పెట్టి కొంగుతో ముఖం కప్పుకుంది. మామ ఆమెను ఓదార్చలేదు. ఇంకో ముక్క కొయ్యమన్నాడు.

అలా ఊరుతూ ఊరుతూ ఉండగా కల్యాణసుందరం మళ్లీ వచ్చాడు. ఈసారి కారు డిక్కీలో ఒక బోరె ఉంది. కొబ్బరితోపు పక్కన ఖాళీగా పడి ఉన్న నేలలో పత్తి వేశాడట. మిల్లుకు కాదు, బావకు తలదిండు కోసమట. వీధిలో నలుగురు పోగయ్యారు. పోగవ్వకపోతే సింగానల్లూరే కాదు.

“చూడు బావా, ఎండలో ఆరబెట్టి తెచ్చినా. ఇప్పుడు చెప్పు.”

మామ బోరె మూతి విప్పాడు. చిటికెడు లాగాడు. బొటనవేళ్ల మధ్య చీల్చాడు. ఇంకో చిటికెడు చెంపకు ఆనించుకున్నాడు. చాలాసేపు ఉంచుకున్నాడు. దవడ ఆడటం మొదలైంది. గొంతు కదిలింది. కుడి బుగ్గ మెల్లగా ఉబ్బింది, పాత రోజుల్లో ఉబ్బినట్టే. అత్త తలుపు పట్టుకుని నిలబడింది. నేను వెనక్కి జరిగాను, రైల్వే గేటు సంగతి నాకు తెలుసు. కల్యాణసుందరం ఇస్త్రీ చొక్కా కాపాడుకుంటూ పక్కకు తప్పుకున్నాడు. అయితే ఆయన కళ్లు మామ నోటి మీదే ఉన్నాయి, పండుగ బాణసంచా చూసే పిల్లాడిలా.

మామ పక్కకు తిరిగాడు. ఆగాడు. మళ్లీ ఇటు తిరిగి, నోట్లో ఉన్నది గుటకేసి మింగేశాడు.

“ఏం బావా? ఉమ్మలే?”

“ఎంత కష్టపడి చేర్చుకున్నానురా దీన్ని. నీ పత్తి మీద దండగ చెయ్యాలనా?”

“అంటే తడిసిందా, ఆరిందా? చెప్పకపోతే ఎట్లా?”

మామ అప్పటికే లోపలికి నడుస్తున్నాడు. “రంగమ్మా, అన్నం పెట్టు. ఉమ్మి ఉండేటప్పుడే తినేస్తాను.”

ఆ రోజు నుంచి కల్యాణసుందరానికి నిద్ర లేదు. కనపడ్డ ప్రతి చుట్టంతోనూ ఇదే గోడు. సొంత బావ, పెద్ద జబ్బు నుంచి లేచిన మనిషి, తను ఇంత దూరం పత్తి మోసుకొస్తే ఒక్కసారి ఉమ్మనైనా ఉమ్మలేదట. వాడిపట్టి నుంచి నాకూ ఫోన్ చేశాడు.

“నిజం చెప్పు అల్లుడూ, పత్తి ఎట్లుండాదన్నాడు?”

అడిగి చెబుతానన్నాను. మామనడిగితే గమ్ నములుతూ, ఆ పత్తితో కుట్టించిన తలదిండు మీద నడుం వాల్చి, వినిపించనట్టు కళ్లు మూసుకున్నాడు.